పై పోర్షన్ అద్దెతో ఈఎంఐ తీరుతుందా?

డాలస్ నుంచి:

అందరికీ నమస్కారం. నేను అమెరికా వచ్చి పద్నాలుగు నెలలైంది, హెచ్1బీ మీద ఉన్నాను. అమ్మానాన్న వనస్థలిపురంలో అద్దెకుంటున్నారు. వాళ్ళకి రెండు వీధుల అవతల ఒక జీ ప్లస్ టూ ఇల్లు అమ్మకానికి వచ్చింది. 150 గజాలు, కోటీ అరవై లక్షలు చెప్తున్నారు. కింద అమ్మావాళ్ళు ఉండి, పైన రెండు పోర్షన్లు అద్దెకిస్తే ఈఎంఐలో సగం దానంతటదే తీరిపోతుందని నాన్న లెక్క. తెలిసిన మేస్త్రీ వచ్చి చూసి బాగుందన్నాడు. దసరాలోపు అడ్వాన్స్ ఇచ్చేద్దాం అంటున్నారు. నాకు ఇంతవరకు బండి తప్ప ఏదీ కొన్న అనుభవం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

నాగోల్ నుంచి:

తమ్ముడూ, పదమూడేళ్ళు న్యూజెర్సీలో ఉండి 2019లో తిరిగొచ్చినవాణ్ణి. పెద్దవాణ్ణి కాబట్టి నువ్వు అనేస్తున్నాను, ఏమనుకోకు. నేను కూడా 2012లో అక్కడ కూర్చుని ఇక్కడ ఇల్లు కొన్నాను, అచ్చం మీ నాన్నగారి లెక్కే వేసుకుని. అప్పుడు ఎవరూ ఆగమని చెప్పలేదు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

ముందు లెక్క చూద్దాం. హోమ్ లోన్ 75 లక్షలు దాటితే ఇంటి విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ విలువ కూడా అమ్మేవాళ్ళు చెప్పింది కాదు, బ్యాంకు వాల్యూయర్ వచ్చి కట్టింది. రిజిస్ట్రేషన్ ఖర్చు అందులో కలవదు. స్టాంపు డ్యూటీతో సహా మన దగ్గర అది ఏడున్నర శాతం దాకా పడుతుంది, అంటే కోటీ అరవైకి 12 లక్షలు. నువ్వు కోటి అప్పు తీసుకున్నావనుకో. ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్ళకైతే నెలకు దాదాపు 86,800. చేతి నుంచి పెట్టాల్సింది 72 లక్షలు. పద్నాలుగు నెలల ఉద్యోగంలో అంత చేర్చావంటే నీకు దండం పెట్టాలి. లేదంటే నాన్నగారి రిటైర్మెంట్ డబ్బు ఇందులోకి వస్తోందన్నమాట. ఆయన్ని అడుగు, నీకు చెప్పి ఉండకపోవచ్చు.

ఇక అద్దె. పోర్షన్‌కి పదిహేను వేలు అనుకుందాం. రెండూ నిండుగా ఉంటే ముప్పై వేలు. సగం ఎక్కడిది, మూడో వంతు. అదీ పన్నెండు నెలలూ ఉంటే. ఒకళ్ళు ఖాళీ చేశారంటే రంగులు వేయించి, కుళాయిలు మార్చి, టు లెట్ బోర్డు కట్టి, మళ్ళీ మనుషులు దిగేసరికి నెల, నెలన్నర. మధ్యలో ఆషాఢం వచ్చిందా, శ్రావణం దాకా ఎవరూ పాలు పొంగించరు. కాబట్టి అద్దె ఒక్క రూపాయి రాకపోయినా ఈఎంఐ కట్టగలను అనుకుంటేనే ముందుకెళ్ళు. రేపు వీసా అటూ ఇటూ అయితే పరిస్థితేమిటో కూడా ఆలోచించు. అశుభం పలుకుతున్నాననుకోకు, 2016లో నా ప్రాజెక్టు పోయినప్పుడు మూడు నెలలు నిద్రపోలేదు.

మేస్త్రీ బాగుందన్నది గోడల గురించి. కాగితాలు వేరే. మంజూరైన ప్లాన్ కాపీ అడిగి తీసుకో, అందులో ఎన్ని అంతస్తులున్నాయో, అక్కడ ఎన్ని ఉన్నాయో నాన్నగారిని మెట్లెక్కి లెక్కపెట్టమను. జీ ప్లస్ వన్‌కి అనుమతి తెచ్చుకుని పైన ఇంకో స్లాబు వేసినవి, దాని మీద రేకుల గది కట్టి పెంట్‌హౌస్ అని అద్దెకిచ్చినవి మన కాలనీల్లో కొల్లలు. నీకు అద్దె తెచ్చిపెట్టేది ఆ పై అంతస్తే అయితే, రేపు నోటీసు వస్తే ముందు పోయేదీ అదే. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే సర్టిఫికెట్, ముప్పై ఏళ్ళకు తీయించు. లింక్ డాక్యుమెంట్లు, అంటే ఇంతకుముందు చేతులు మారినప్పటి పత్రాలు, జిరాక్సులు కాదు, ఒరిజినల్స్ చూపించమను. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో ఉందేమో, దగ్గర్లో చెరువు ఉంటే దాని ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్ళు చేరే హద్దు), దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ జోన్ ఎక్కడిదాకా ఉన్నాయో చూసుకో. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చినప్పటి నుంచి ఈ మాట ఇక్కడ ప్రతి ఇంట్లో తెలుసు. ఆ చుట్టుపక్కల చెరువులు చాలానే ఉన్నాయి. ఇదంతా చూడటానికి ఒక లాయర్‌కి డబ్బులివ్వడానికి మనవాళ్ళకి చెయ్యి రాదు. గృహప్రవేశం భోజనాలకి మాత్రం లక్షలు పెడతాం.

రిజిస్ట్రేషన్‌కి నువ్వు రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ రాయాలి. నా కథ విను. మా బాబాయి పేరు మీద రాసి, న్యూయార్క్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి కొరియర్‌లో పంపాను. ఆ కవరు పిన్ని బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా నాలుగు నెలలుంది. విదేశంలో రాసిన అలాంటి పత్రానికి ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలన్న సంగతి మాలో ఒక్కరికీ తెలీదు. రిజిస్ట్రేషన్ రోజున, అమ్మేవాళ్ళు ఊరి నుంచి కారు మాట్లాడుకుని కుటుంబమంతా వచ్చి బెంచీల మీద కూర్చున్నాక, అక్కడి గుమాస్తా తేదీ చూసి కాగితం వేలితో వెనక్కి తోశాడు. నాకు ఫోన్ వచ్చేసరికి అక్కడ రాత్రి ఒంటిగంట. కొత్తది రాసి పంపేలోపు వాళ్ళు రెండు లక్షలు పెంచేశారు. నువ్వు టెక్సాస్ కాబట్టి నీది హ్యూస్టన్ కాన్సులేట్. జనరల్ పవర్ ఇవ్వకు. ఫలానా ఇల్లు కొనడానికి, ఫలానా పత్రాల మీద సంతకం పెట్టడానికి అని స్పెషల్ పవర్ రాయి. కన్నతండ్రి అయినా సరే అంతే.

డబ్బు అమెరికా నుంచి బ్యాంకు ద్వారా నేరుగానో, విదేశాల్లో ఉండేవాళ్ళకిచ్చే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాల నుంచో పోవాలి. వెళ్ళేముందు ఇక్కడ వాడిన సేవింగ్స్ ఖాతా ఇంకా అలాగే ఉంటే దాన్ని ఎన్‌ఆర్‌ఓగా మార్పించు. 'ఇంత వైట్, ఇంత బ్లాక్' అని వాళ్ళు తప్పకుండా అంటారు. ఇల్లు అమ్మేవాళ్ళు 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడమే చట్టరీత్యా తప్పు. పైగా డాక్యుమెంట్‌లో ధర తక్కువ చూపిస్తే బ్యాంకు ఇచ్చేదీ తగ్గుతుంది, నువ్వు అమ్మేనాడు లాభం ఎక్కువ కనబడి పన్ను నీ మెడకు చుట్టుకుంటుంది. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం టీడీఎస్, అంటే ముందే కోసే పన్ను, నువ్వే పట్టుకుని అమ్మేవాళ్ళ పాన్ మీద కట్టాలి. అమ్మేవాళ్ళు కూడా ఎన్‌ఆర్‌ఐలైతే ఆ శాతం చాలా ఎక్కువ, అప్పుడు ఆడిటర్ లేకుండా అడుగు వేయకు.

ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి. యజమాని ఎన్‌ఆర్‌ఐ అయితే అద్దెకుండేవాళ్ళు అద్దెలో 31.2 శాతం టీడీఎస్ పట్టుకుని, మిగతాదే నీకివ్వాలి. అద్దె చిన్నదైనా సరే. పోర్షన్ చూడ్డానికి వచ్చిన టీచరమ్మకి ఈ మాట చెప్పి చూడమను, ఇచ్చిన టీ కూడా తాగకుండా వెళ్ళిపోతుంది. నిజానికి కట్టిన ప్రాపర్టీ ట్యాక్స్, ఆపైన 30 శాతం తగ్గింపు, లోన్ వడ్డీ పోగా నీకు మిగిలే పన్ను కొంచెమే. రిటర్న్ వేసి వాపసు తీసుకోవచ్చు, లేదా ముందే తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. రెండూ పనే. ఈ అద్దె అక్కడి రిటర్న్‌లోనూ చూపించాలి, ఇక్కడ కట్టిన పన్నుకి అక్కడ క్రెడిట్ వస్తుంది. అద్దెకిచ్చిన భాగం వరకు ముప్పై ఏళ్ళ లెక్కన డిప్రిసియేషన్, అంటే ఇంటి తరుగు కింద అక్కడి పన్నులో తగ్గింపు, కూడా ఉంది. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా పది వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్, అంటే విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి ఇచ్చే రిపోర్టు, మర్చిపోకు.

కూకట్‌పల్లి నుంచి:

బాబూ, అన్నయ్యగారు కాగితాల సంగతంతా చెప్పారు. మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటాడు. పద్దెనిమిదేళ్ళుగా మా పై పోర్షన్లు అద్దెకిస్తున్నదాన్ని నేనే. అందుకని మీ అమ్మగారి వైపు నుంచి రెండు మాటలు.

ఆ ఇంటి మెట్లు ఎక్కడున్నాయి? బయటి నుంచా, హాల్లోంచా? హాల్లోంచి అయితే అద్దె మాట మర్చిపోండి. రాత్రి పదకొండింటికి డ్యూటీ దిగి వచ్చే పిల్లాడు మీ అమ్మగారి మంచం పక్కనుంచి పైకి వెళ్ళాలి.

మీటర్లు ఎన్ని? మాకు మొదట్లో ఇల్లంతటికీ ఒకటే ఉండేది. సబ్ మీటర్ పెట్టి రీడింగ్ నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. అందరి వాడకం ఒకే బిల్లులో కలిసేసరికి ఎక్కువ రేటు శ్లాబులో పడేది, ఆ ఎక్కువ డబ్బు ఎవరిదని ప్రతి నెలా పేచీ. 2024లో ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వచ్చాక తెల్ల కార్డున్నవాళ్ళు గేటు దగ్గరే అడుగుతున్నారు, 'విడి మీటర్ ఉందా ఆంటీ, జీరో బిల్లు వస్తుందా' అని. పోర్షన్‌కో మీటర్ పెట్టించాకే నాకు ప్రశాంతత.

నీళ్ళ సంగతి ఇంకా పెద్దది. మా మోటారు స్విచ్ మెట్ల కింద ఉంటుంది. సంపు నిండితే వేయాలి, పైన ట్యాంకు పొర్లకముందే ఆపాలి. వేసేది నేనే, ఆపేది నేనే. టీవీ చూస్తూ మర్చిపోతే పై నుంచి ధార పడి పక్కింటివాళ్ళ బట్టలు తడుస్తాయి. వేసవిలో బోరు ఎండితే ట్యాంకర్ చెప్పాలి, అది వచ్చేవేళకి పైపు పట్టుకుని నిలబడాలి, ఆ డబ్బులు మూడు వాటాలు వేసి వసూలు చేయాలి. పొద్దున్నే తల దువ్వుకుంటుంటే పై నుంచి కేక, 'ఆంటీ, కుళాయిలో గాలి వస్తోంది'. మా అబ్బాయికి నెలనెలా అద్దె మెసేజ్ కనబడుతుంది. ఈ కేక వినబడదు.

మనుషుల విషయంలో నాదొక చేదు అనుభవం. ఒక జంట, చూస్తే ఎంతో మర్యాదగా ఉన్నారు. కరోనా సమయంలో మొహమాటపడి అద్దె అడగలేదు, ఆ తర్వాత వాళ్ళు ఇవ్వడమే మానేశారు. అగ్రిమెంట్ లేదు. తీసుకున్న అడ్వాన్స్ రెండు నెలలది, బకాయి ఏడు నెలలది. చివరికి సామాను సర్దుకోవడానికి బండి ఖర్చు కూడా నేనే ఇచ్చి పంపాను. అప్పటి నుంచి పదకొండు నెలల అగ్రిమెంట్, ఆధార్ కాపీ, ఎక్కడ పనిచేస్తారో చూడ్డం, ఫోన్‌పేలోనే అద్దె. బ్యాచిలర్స్‌కి ఇవ్వం అని బోర్డు మీద రాసేదాన్ని, అది మాత్రం తీసేశాను. ఇప్పుడు పైనున్న ఇద్దరు నర్సమ్మాయిలంత బుద్ధిగా ఏ ఫ్యామిలీ లేదు.

ఇంతకీ అమ్మగారిని అడిగారా? మీ ఉత్తరంలో నాన్న లెక్క ఉంది, మేస్త్రీ మాట ఉంది. అమ్మ మాట లేదు.

డాలస్ నుంచి:

అన్నా, ఆంటీ, చాలా థాంక్స్. నిన్న రాత్రి అమ్మతో గంట మాట్లాడాను. మోకాళ్ళ నొప్పి ఎక్కువైందట, నాకు చెప్పలేదు. 'పైన ఒక్క పోర్షన్ అయితే చూసుకుంటాను, రెండు నావల్ల కాదు' అంది. నాన్నని కూడా అడిగాను. అన్న చెప్పినట్టే, పీఎఫ్ డబ్బు 35 లక్షలు ఇందులో పెడుతున్నారు. ఒక సందేహం. ఇల్లు నాన్న పేరు మీదే రాయిస్తే ఆ టీడీఎస్ గొడవ ఉండదు కదా? నాకు ఒక చెల్లి ఉంది, పెళ్ళి కాలేదు.

నాగోల్ నుంచి:

ఉండదు. నాన్నగారు ఇక్కడే ఉంటారు కాబట్టి అద్దెకుండేవాళ్ళు ఆ 31.2 పట్టుకోనక్కర్లేదు. నువ్వు ఆయనకి డబ్బు బహుమతిగా పంపినా ఇక్కడ ఆయనకి పన్ను పడదు, ఆ అద్దె నీ ఆదాయంలోనూ కలవదు. అక్కడ మాత్రం ఒకరికి ఏడాదిలో 19 వేల డాలర్లు దాటి ఇస్తే బహుమతుల లెక్క చెప్పే ఫారం 709 వేయాల్సి రావొచ్చు, అది 2025 లెక్క. చిక్కు వేరే చోట ఉంది. రిటైరైన మనిషికి బ్యాంకులు ఇరవై ఏళ్ళ అప్పు ఇవ్వడం అరుదు. కాబట్టి లోన్‌లో నువ్వుండాలి, లోన్‌లో ఉన్నప్పుడు పత్రంలోనూ ఉండటమే మంచిది. ఇద్దరి పేర్ల మీద తీసుకుని, ఎవరు ఎంత పెట్టారో ఆ నిష్పత్తిలో వాటాలు అందులోనే రాయించు. అప్పుడు టీడీఎస్ నీ వాటా అద్దె మీదే.

అలాగే నాన్నగారి వాటాకి వీలునామా లేకపోతే ఆయన తర్వాత అది అమ్మకి, నీకు, చెల్లికి సమానంగా వస్తుంది. వస్తే రానీ, అది న్యాయమే. కానీ నెలనెలా ఈఎంఐ కడుతున్నది నువ్వైనప్పుడు ఆ సంగతి ఇప్పుడే, చెల్లి కూడా ఫోన్‌లో ఉండగా, మాట్లాడుకోండి. మా ఇంట్లో మేం మాట్లాడుకోలేదు. ఇక అది వద్దులే.

అమ్మ ఒక్క పోర్షనే చూసుకుంటానంటే లెక్క మారిపోయింది. అద్దె పదిహేను వేలు, ఈఎంఐ దాదాపు 87 వేలు. కోటీ అరవై ఇల్లు నీకిప్పుడు పెద్దదేమో. కోటి లోపు వంద గజాల్లో జీ ప్లస్ వన్ కూడా చూడమను, లేదా ఇదే ఇంటిని ఒక పోర్షన్ మూసి ఉంచినా మోయగలవేమో నువ్వే తేల్చుకో. దసరా తొందర వాళ్ళది, నీది కాదు.

వనస్థలిపురం నాకు మరీ దూరం కాదు. ప్లాన్ కాపీ, లింక్ డాక్యుమెంట్ల ఫోటోలు పంపు. ఆ వీధికి ఏ రోజు, ఎన్ని గంటలకు నల్లా వదులుతారో నాన్నగారిని కనుక్కోమను, ఆ వేళకే వెళ్ళి చూస్తాం. అమ్మగారిని కూడా తీసుకురమ్మను. మోటారు స్విచ్ ఎక్కడుందో ఆవిడే చూడాలి.