అరబిక్ నుంచి ఫ్రెంచ్‌కి: రిటైల్ పనికి ఫ్రీలాన్స్ అనువాదకులను, దుభాషీలను ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న | కేటలాగ్_సుధ
బట్టలు, సౌందర్య సాధనాలు కలిపి 600 వస్తువుల వివరాలు అరబిక్‌లో ఉన్నాయి. ఫ్రాన్స్‌లో అమ్మడానికి ఫ్రెంచ్‌లోకి మార్చాలి. సరఫరాదారులతో రెండు రోజులు మీటింగులూ ఉన్నాయి. ఏజెన్సీ లేకుండా ఎక్కడ వెతకాలి? రెండు పనులూ ఒక్కరికే ఇవ్వొచ్చా?

జవాబు | మాటవారధి
ఒక్కరికే ఇవ్వకండి. రాతకు ఫ్రెంచ్ మాతృభాషలా రాసేవారు కావాలి. మీటింగుకు రెండు వైపులా తడుముకోకుండా మాట్లాడేవారు కావాలి.

రాతపనికి ఫ్రాన్స్ అనువాదకుల సంఘం ఎస్‌ఎఫ్‌టీ డైరెక్టరీ చూడండి. అనువాదకుల ఆన్‌లైన్ వేదిక ప్రోజ్‌లో కూడా భాషల జంట, రంగం పెట్టి వెతకొచ్చు. బేరూత్‌లో సెయింట్ జోసెఫ్ విశ్వవిద్యాలయపు అనువాద విద్యాలయం ఎటిబ్, టాంజియర్‌లో కింగ్ ఫహద్ అనువాద విద్యాలయం ఈ జంటలో శిక్షణ ఇస్తాయి.

ప్రొఫైల్ చూసి ఒప్పుకోవద్దు. డబ్బిచ్చి 250 పదాల నమూనా చేయించండి. అందులో ఒక వస్తువు వివరణ, ఉతికే సూచనలు, సైజుల పట్టిక మాత్రం తప్పక ఉండాలి. అరబ్బు దేశాల్లో చాలాచోట్ల వాడే అంకెల్లో ఐదు మన సున్నాలా గుండ్రంగా, సున్నా చుక్కలా ఉంటాయి. పైగా అరబిక్ అక్షరాల తర్వాత టైప్ చేసిన 38-42 తెరమీద 42-38గా తిరగబడుతుంది. ఈ రెండూ పట్టుకున్నవారు నిజంగా చూసి చేస్తున్నట్టే.

పీడీఎఫ్ పంపకండి. కాపీ చేస్తే అరబిక్ అక్షరాలు విడిపోతాయి, వరుస తప్పుతుంది. ఎక్సెల్ ఇవ్వండి, ఒక్కో వస్తువుకు ఒక్కో వరుస.

జవాబు | లేబుల్_రవి
లేబుళ్ల సంగతి విడిగా చూడండి. ఫ్రెంచ్ భాష వాడకంపై వచ్చిన 1994 టూబాన్ చట్టం ప్రకారం ఫ్రాన్స్‌లో అమ్మే వస్తువు పేరు, వాడే విధానం, గ్యారంటీ ఫ్రెంచ్‌లో ఉండి తీరాలి. బట్టల నార పేర్లు ఈయూ (యూరోపియన్ యూనియన్) నిబంధన 1007/2011 జాబితాలోవే రాయాలి. అరబిక్ లేబుల్‌పై లైక్రా అని ఉంటే ఫ్రెంచ్‌లో ఎలాస్తాన్ అవుతుంది, ఎందుకంటే లైక్రా బ్రాండ్ పేరు. క్రీముల్లోని పదార్థాల జాబితాను అనువదించనే వద్దు. తయారీదారు దగ్గర ఐఎన్‌సీఐ జాబితా (పదార్థాల అంతర్జాతీయ పేర్లు) అడిగి అదే పెట్టండి.

రేటు మూలంలోని అరబిక్ పదాలకా, ఫ్రెంచ్ పదాలకా అన్నది ముందే రాసుకోండి. అరబిక్‌లో 'వలిల్‌మత్జర్' (ఇంకా దుకాణానికి) ఒక్క మాట. ఫ్రెంచ్‌లో అదే 'ఎ పూర్ ల మగజాన్', నాలుగు మాటలు. ఇక్కడే బిల్లు దగ్గర గొడవలు వస్తాయి.

కేటలాగ్_సుధ
చాలా ఉపయోగం అండి. దుభాషిని ఎంచుకోవడంలో ఏం అడగాలి?

జవాబు | మాటవారధి
మొదటి ప్రశ్న: సరఫరాదారులది ఏ అరబిక్? మొరాకో వాడుక అరబిక్ దారిజాకు, లెబనాన్ మాటకు చాలా తేడా. పుస్తక అరబిక్ మాత్రమే వచ్చినవారు బేరంలో చిక్కుకుపోతారు. ఫోన్‌లో పది నిమిషాలు అదే యాసలో ధరల గురించి మాట్లాడించి వినండి.

బేరసారాలకు మాట ఆగాక చెప్పే పద్ధతి చాలు, కాకపోతే సమయం దాదాపు రెట్టింపు పెట్టుకోండి. వెంటవెంటనే చెప్పే పద్ధతైతే ఇద్దరు కావాలి. 20-30 నిమిషాలకు ఒకరు మారకపోతే అంకెలు జారిపోతాయి. ధరల పట్టిక, వస్తువుల పేర్లు కొన్ని రోజుల ముందే వాళ్లకు పంపండి. ఒప్పుకున్న ప్రతి ధర, పరిమాణం, డెలివరీ తేదీ అక్కడికక్కడే కాగితం మీద రాసి ఇరువైపులా చూపించమనండి. తేదీల్లో నెలను అంకెల్లో రాయించండి: జులై ఒకచోట 'తమ్మూజ్', ఇంకోచోట 'జువీలియా'.