ఒకే సముద్రం మీద మూడు శాఖల పెత్తనం: గొడవ ఎందుకు తెగదు?

ప్రశ్న (అలలబాట):
అమెరికాలోని హవాయికి వాయవ్యంగా ఉన్న పపహానౌమోకువాకేయా అనే సముద్ర ప్రాంతం గురించి చదువుతున్నా. 2006లో బుష్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఆ దీవుల్నీ పగడపు దిబ్బల్నీ కలిపి రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. కానీ దాన్ని చూసేది ఒక్కరు కాదు, వాణిజ్య శాఖ కింద ఉండే నోవా (సముద్రాల, వాతావరణ సంస్థ), ఇంటీరియర్ శాఖ కింద ఉండే ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ (వన్యప్రాణుల సంస్థ), వీళ్లతో పాటు హవాయి రాష్ట్రం. అందరూ కాపాడేది అవే సీల్ జంతువులు, అవే తాబేళ్లు కదా, మరి పరిధుల గొడవ దేనికి? ఎవరో ఒకరికి అప్పగించేస్తే సరిపోదా?

పగడపుదిబ్బ:
అప్పగించడం అంత తేలిక కాదండీ, ఎందుకంటే ఎవరి హక్కు ఎప్పుడు వచ్చిందో చూడండి. 1909లో థియోడర్ రూజ్‌వెల్ట్ అక్కడి దీవుల్ని, దిబ్బల్ని పక్షుల కోసం కేటాయించాడు, వైల్డ్‌లైఫ్ వాళ్ల హక్కు అక్కడి నుంచి వచ్చింది. తీరం నుంచి 3 నాటికల్ మైళ్ల వరకు నీళ్లు రాష్ట్రానివి. 2000లో క్లింటన్ పగడాల కోసం ఇంకో రిజర్వ్ ప్రకటించి వాణిజ్య శాఖ చేతిలో పెట్టాడు. 2006 నాటి ప్రకటన వీటిలో దేన్నీ రద్దు చెయ్యలేదు, అన్నిటి మీదా ఇంకో పొర వేసింది, అంతే. దిబ్బ చుట్టూ నీళ్లు ఎంతవరకు పక్షుల రెఫ్యూజ్ (అభయారణ్యం లాంటిది) కిందికి వస్తాయన్నది అంతకు ముందు నుంచీ నలుగుతున్న వాదనే. పైగా నోవాకి చేపల వేట చూసే బాధ్యత కూడా ఉంది. వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ చట్టం జంతువే ముందంటుంది, చేపల వేట చట్టం ఎన్ని చేపలు పట్టవచ్చో లెక్క వేస్తుంది. మనుషులు మంచివాళ్లయినా ఈ రెండూ ఢీకొంటాయి.

అలలబాట:
అంటే ఈ ముగ్గురూ కలిసి చూసుకుంటామని ఒప్పందం మీద సంతకాలు చేసినా చట్టాలు మారవు కాబట్టి లాభం లేదంటారా?

నీలితీరం:
లాభం ఉంది, కానీ ఒప్పందంలో ఏం రాశారన్నదే ముఖ్యం. అక్కడికి వెళ్లాలంటే శాఖకో పర్మిట్ కాకుండా అందరూ కలిసి ఇచ్చే ఒకే పర్మిట్ పెట్టారు, ఇది నిజంగా పనికొచ్చింది. ఆస్ట్రేలియాలోని పగడపు దిబ్బల వరుస, గ్రేట్ బారియర్ రీఫ్ కూడా చూడండి. అక్కడి సముద్ర పార్క్ కేంద్రానిది, ఒడ్డుకు ఆనుకున్న నీళ్లు, చేపల వేట నిబంధనలు క్వీన్స్‌ల్యాండ్ రాష్ట్రానివి. 2004లో వేట పూర్తిగా నిషేధించిన భాగాన్ని 5 శాతం కంటే తక్కువ నుంచి దాదాపు 33 శాతానికి పెంచినప్పుడు, రాష్ట్రం కూడా తన నీళ్లలో అలాంటి జోన్లే పెట్టింది. లేకపోతే కనపడని గీత ఒకటి దాటగానే రూల్ మారిపోయేది, పడవ నడిపేవాడికి టెన్షన్, రూల్ తప్పినవాణ్ణి పట్టుకునేవాడికీ టెన్షన్.

పగడపుదిబ్బ:
నిజమే, కానీ పొలాల నుంచి మట్టి, ఎరువులు నదుల్లో కొట్టుకొచ్చి ఆ రీఫ్ మీదే పడుతున్నాయి. ఆ నేల మీద అధికారం రాష్ట్రానిది, పార్క్ అథారిటీది కాదు. అందుకే ఉమ్మడి నిర్వహణ అన్నప్పుడు నేను ముందు అడిగేది ఒకటే, శాఖలు విభేదిస్తే ఆఖరి మాట ఎవరిదో, ఎన్ని రోజుల్లో చెప్పాలో రాసుకున్నారా? గస్తీ పడవకి డబ్బు ఎవరిస్తారో కూడా అందులోనే ఉండాలి, లేదంటే కేసు వచ్చిన ప్రతిసారీ ఫైలు అటూ ఇటూ తిరుగుతుంది, ఆలోగా వల వేసినవాడు వెళ్లిపోతాడు.