స్పానిష్‌లో మన దేశీయతను ఎలా చెప్పాలి: ‘ఇందియా’ అనా, ‘ఇందూ’ అనా?

ప్రశ్న:
ఉద్యోగరీత్యా త్వరలో మెక్సికోలోని గ్వాదలహారా వెళ్ళవలసి ఉండడంతో స్పానిష్ నేర్చుకుంటున్నాను. భారతీయురాలు తనను ‘సోయ్ ఇందియా’ అని పరిచయం చేసుకోవాలని పాఠ్యపుస్తకంలో ఉంది. అక్కడి సహోద్యోగులు మాత్రం నన్ను ‘ఇందూ’ అంటున్నారు. మాది క్రైస్తవ కుటుంబం కనుక ఆ మాట నాకెలా వర్తిస్తుందో తెలియడం లేదు. ఇలాంటి పదాల్లో కొన్ని స్త్రీపురుష భేదాన్ని బట్టి మారడానికీ, కొన్ని మారకపోవడానికీ నియమం ఏమిటో కూడా దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
మీ పుస్తకం చెప్పినది వ్యాకరణరీత్యా సరైనదే. చిక్కంతా చరిత్రలో ఉంది. 1492లో కరీబియన్ దీవులకు చేరిన కొలంబస్, తాను ఆసియా తీరానికి వచ్చాననుకొని అక్కడివారిని ‘ఇందియోస్’ అన్నాడు. ఆ పేరు అమెరికా మూలవాసులకు స్థిరపడిపోయింది. మెక్సికోలో దానిని తిట్టుగా వాడేవారు కూడా ఉన్నారు కాబట్టి మూలవాసులను మర్యాదగా ‘ఇందీహెనా’ అంటారు, మన దేశస్థులను ‘ఇందూ’ అంటారు. స్పానిష్‌లో హెచ్ అక్షరం పలకదు కనుక ‘హిందూ’ అనే మాటే అలా వినిపిస్తుంది. మతంతో గందరగోళం రానంతవరకు ఈ వాడుక చెల్లుతుందని స్పానిష్ రాజ అకాడమీ 2005లో వెలువడిన తమ సందేహ నిఘంటువులో అంగీకరించింది. అందుచేత మీ సహోద్యోగులు మీ మతాన్ని ఊహించారని భావించనవసరం లేదు. మీరు మాత్రం ‘సోయ్ దె లా ఇందియా’, అంటే ‘నాది ఇండియా’ అనండి, ఏ పేచీ ఉండదు.

రెండవ సమాధానం:
‘ఓ’తో ముగిసేవి స్త్రీలింగంలో ‘ఆ’గా మారతాయి: మెహికానో, మెహికానా. హల్లుతో ముగిసే మామూలు విశేషణాలు, ఉదాహరణకు నీలం రంగును చెప్పే ‘అసూల్’, లింగాన్ని బట్టి మారవు గానీ దేశీయతా పదాలు మారతాయి: ఎస్పాన్యోల్, ఎస్పాన్యోలా, ఫ్రాన్సేస్, ఫ్రాన్సేసా. ‘ఫ్రాన్సేస్’ రాసేటప్పుడు చివరి అచ్చుపై ఉండే గీత స్త్రీలింగంలోనూ బహువచనంలోనూ పోతుంది. పరీక్షల్లో ఎక్కువగా మార్కులు పోయేది ఇక్కడే. కనదియెన్సే, ఇరానీ వంటివి ఎవరికైనా ఒకటే. బెల్జియం పురుషుడు సైతం ‘బెల్గా’యే.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ‘సోయ్ ఉనా ఇందియా’ అని, ‘ఒక’ అనే అర్థమిచ్చే ‘ఉనా’ చేర్చవచ్చా?

రెండవ సమాధానం ఇచ్చినవారు:
ఊరికే దేశీయతను చెప్పేటప్పుడు చేర్చరు. ‘ఎంతో స్నేహశీలి అయిన మెక్సికన్ మహిళ’ అన్నట్లు మరో విశేషణం తోడైనప్పుడు చేరుస్తారు: ‘ఎస్ ఉనా మెహికానా ముయ్ అమాబ్లె’. ఇంకొక విషయం, స్పానిష్‌లో దేశం పేరుకే పెద్ద అక్షరం. దేశీయతకూ భాషకూ చిన్న అక్షరమే. మన లిపిలో ఆ భేదమే లేదు కాబట్టి ఈ పొరపాటు ఇంగ్లీషు అలవాటు వల్ల వచ్చేదే.

మూడవ సమాధానం:
మొదటి సమాధానంతో నాకు కొంత భేదం ఉంది. స్పెయిన్‌లో ‘సోయ్ ఇందియా’ అనడానికి సంకోచించనక్కరలేదు. మెక్సికోకైతే ఆ సలహా మంచిదే. అమెరికా దేశస్థులను ‘అమెరికానో’ అనడం మాటల్లో వినిపించినా, ఆ పేరు ఖండమంతటిదీ కనుక రాతలో ‘ఎస్తాదోఉనిదెన్సే’, అంటే ‘సంయుక్త రాష్ట్రాలకు చెందినవారు’ అనే మాట వాడండి. మెక్సికో అధికారిక నామంలోనూ ‘సంయుక్త రాష్ట్రాలు’ అనే మాట ఉంది గానీ, ఈ పదాన్ని మెక్సికన్లకు ఎవరూ వాడరు.