ఉస్మానియా ఉర్దూలో పుట్టడం తప్పా, గొప్పా?

ఆర్ట్స్‌కాలేజీమెట్లు: ఎం.ఏ. చరిత్ర, రెండో సంవత్సరం నాది. సెమినార్ కోసం మన యూనివర్సిటీ పుట్టుక గురించి చదువుతున్నా. 1917లో ఏడో నిజాం ఫర్మానా, అంటే రాజాజ్ఞ, ఇచ్చేనాటికి నిజాం కాలేజీ మద్రాసు యూనివర్సిటీ కింద ఇంగ్లీషులో నడుస్తోంది. ఉస్మానియాలో మాత్రం డాక్టరు చదువు కూడా ఉర్దూలోనే చెప్పారు. పుస్తకాల్లేవంటే దారుల్‌తర్జుమా అని అనువాద శాఖ పెట్టి మరీ రాయించారు. తెల్లదొరల రోజుల్లో దేశభాషలో యూనివర్సిటీ! దీన్ని గర్వంగా ఎందుకు చెప్పుకోం?

గుల్జార్‌హౌజ్: 1917 కాదు, 1918.

వరంగల్‌వకీల్: దేశభాష ఎవరిది తమ్ముడూ? సంస్థానంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లం. మరాఠీ, కన్నడం వాళ్లు వేరే. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు పన్నెండు శాతం దరిదాపు. 1921లో హైదరాబాద్‌లో జరిగిన సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. తెలుగువాళ్ల కోసం ఆంధ్ర జన సంఘం పుట్టింది ఆ అవమానంలోంచే. నీ సెమినార్‌లో ఇది ఉందా?

చార్మినార్‌చాయ్: వకీల్ సాబ్, ఫారసీ పోయి కచేరీల్లోకి ఉర్దూ వచ్చి అప్పటికే ముప్పై ఏళ్లు దాటింది. ఇంగ్లీషు కంటే అదే దగ్గర కదా? తెలుగు శాఖ కూడా ఉండేది, రాయప్రోలు సుబ్బారావు గారు పాఠాలు చెప్పింది అక్కడే.

వరంగల్‌వకీల్: తెలుగు ఒక సబ్జెక్టు, ఉర్దూ మీడియం. రెండూ ఒకటేనా భాయ్? మా నాయనకు చిన్నప్పుడు బడిలో లెక్కలు రాక కాదు, ‘జమా’, ‘తఫ్రీఖ్’ అంటే ఏంటో తెలియక దెబ్బలు తిన్నాడు. కూడిక, తీసివేత అని ఒక్కరు చెప్తే అయిపోయేది. ఎవరూ చెప్పలేదు. పలక ఇంట్లో పడేసి ఎడ్ల వెంట పోయాడు.

కృష్ణాతీరం: 1926లో పుట్టిన మా ఆంధ్రా యూనివర్సిటీకి పేరులోనే ఆంధ్ర ఉంది. పాఠం మాత్రం ఇంగ్లీషే. అదీ చెప్పుకోండి.

గుల్జార్‌హౌజ్: ఎవరూ జవాబివ్వలేదు. 1918.

ఆర్ట్స్‌కాలేజీమెట్లు: అన్నా, ఫర్మానా 1917 ఏప్రిల్ 26. శతాబ్ది ఉత్సవాలు కూడా 2017లోనే చేశారు.

గుల్జార్‌హౌజ్: ఫర్మానా వేరు, స్థాపన వేరు.

చార్మినార్‌చాయ్: మీ నాయన కథ విని బాధేసింది వకీల్ సాబ్. మరి మా దాదా కథ? ఒక కాలేజీలో ఉర్దూలో లెక్కలు చెప్పేవారు. 1948 తర్వాత మీడియం ఇంగ్లీషుకు మారింది. నీలం సిరాతో రాసుకున్న ఆయన నోట్సు ఇంకా మా అటక మీదే ఉంది. పేజీలు కుడి నుంచి ఎడమకు, మధ్యలో బీజగణితం. ఇప్పుడు ఇంట్లో చదవగలిగేవాళ్లు లేరు.

వరంగల్‌వకీల్: ఆ మీడియం మారడానికి ముందు ఏం జరిగిందో కూడా చెప్పు. 1938లో హాస్టల్లో వందేమాతరం పాడినందుకు పిల్లల్ని వెళ్లగొట్టారు. పి.వి. నరసింహారావు లాంటివాళ్లు నాగపూర్ పోయి చదువుకోవాల్సి వచ్చింది. ఈ నిజాం భజన ఆపండి.

చార్మినార్‌చాయ్: నిజాం పేరు నేనెత్తానా? నీకు గిట్టనిది ఉర్దూ. తిన్నగా ఆ మాటే అనెయ్.

వరంగల్‌వకీల్: నోరు జాగ్రత్త. నేను కోర్టులో ఉర్దూ దస్తావేజులు చదివేవాణ్ణి.

పాలమూరుపిల్ల: ఇద్దరూ ఆగండి. ఆ అబ్బాయి అడిగిందేంటి, మీరు కొట్టుకుంటున్నదేంటి?

ఆర్ట్స్‌కాలేజీమెట్లు: నిజం చెప్పనా అక్కా? నేను పదో తరగతి దాకా సర్కారు బడి, తెలుగు మీడియం. మొన్న ఒక చోట ఇంటర్వ్యూలో నిజాం దివాను సాలార్‌జంగ్ సంస్కరణల మీద ప్రశ్న వచ్చింది. మొత్తం తెలుసు. ఇంగ్లీషులో రెండు వాక్యాలయ్యాక గొంతు ఎండిపోయింది. బోర్డులో ఒకాయన వాచీ చూసుకున్నాడు. ఆ వారమే దారుల్‌తర్జుమా గురించి చదివాను. ఉర్దూ అనో, నిజాం అనో కాదు అన్నా. రసాయన శాస్త్రాన్ని మన దగ్గరి భాషలో ఎలా చెప్పాలా అని మాట మాట పట్టుకుని జీతానికి కూర్చున్న మనుషులు ఈ ఊళ్లో ఉండేవాళ్లు. తెలుగుకి అలా ఎవరు కూర్చున్నారు?

పాలమూరుపిల్ల: వకీల్ సాబ్, రేపు తెలుగులో ఇంజనీరింగ్ పెడితే మీ అమ్మాయిని పంపుతారా?

వరంగల్‌వకీల్: దాని సంగతి వేరు.

చార్మినార్‌చాయ్: మావాడూ ఇంగ్లీషు మీడియమే, దాచుకోవడం దేనికి?

వరంగల్‌వకీల్: తమ్ముడూ, ఆ సెమినార్ పేపర్ నాకు పంపు. తెలుగులోనే రాశావుగా?

ఆర్ట్స్‌కాలేజీమెట్లు: ఇంగ్లీషులో అడిగారు అన్నా.

గుల్జార్‌హౌజ్: క్లాసులు మొదలైంది 1919లో. పోనీ, పుట్టింది అప్పుడే అందామా?