సమస్యాపూరణం: చిగురు తొడిగిన కొమ్మయే చేటు దెచ్చు

హనుమకొండ నుంచి:
ఈ వారం తేటగీతి పద్యం, పై పాదమే నాలుగో పాదంగా రావాలి. చిగురంటే మనకు శుభం, అది చేటెలా అయిందో చెప్పండి. పోయిన మార్గశిరంలో మా మామిడితోటలో కొమ్మల కొసన రాగిరంగు లేతాకులు మెత్తగా వేలాడుతున్నాయి. చూడటానికి ఎంత అందమో! మా బాపు మాత్రం గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు తట్టిన పాదం ఇది.

నర్సంపేట నుంచి:
వాన కాలపు చిగురైన వరము మనకు
పూత వేళకు ముదురాకు పొందు కొమ్మ
మార్గశిరమున తడిపెట్ట మరల కొత్త
చిగురు తొడిగిన కొమ్మయే చేటు దెచ్చు

మామిడి పూత కొమ్మ చివరి మొగ్గలోంచే వస్తుంది. వానకాలపు చిగురు 4–5 నెలలు ముదిరి, చలి రాత్రులు తగిలితే ఆ మొగ్గ పూతకు తిరుగుతుంది. ఆ సమయంలో నీళ్లు పెడితే ఆకుకు తిరుగుతుంది. ఇక ఆ కొమ్మకు ఆ ఏడు కాపు పోయినట్టే.

హనుమకొండ:
అన్నా, మా బాపు బాధంతా నాలుగు పాదాల్లో పెట్టారు. 'మరల కొత్త' నేరుగా సమస్యలోకి జారడం చాలా బాగుంది. 'మనకు' మాత్రం గణం (అక్షరాల కొలత) కోసం వచ్చింది. 'వరము, దాన (అందువల్ల)' అంటే రెండో పాదానికి కారణం కూడా అతుకుతుంది.

భూపాలపల్లి నుంచి:
రెండు పాదాలు వచ్చి ఆగిపోయాను, సాయం చేయండి.

పనస చెట్టుకు మొద్దుకే కాయలొచ్చు
కొసన చిగురించినంతనే గుబులు లేదు

హనుమకొండ:
ప–కా యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) కుదరదు తమ్ముడూ. 'మొద్దునే పండ్లు గాచు' అనండి. గుబులు లేదన్నాక చేటు ఎలా వస్తుంది? మూడో పాదంలో మామిడి వైపు తిప్పాలి: 'మావికట్లేల? పూతకు మరలు వేళ'.

జగిత్యాల నుంచి:
జామ కొమ్మను కత్తిరించంగ మరల
కొత్త రెమ్మల కణుపుల కొలువు పూత
భూమి దున్నెడి రైతన్న లేమికెల్ల
చిగురు తొడిగిన కొమ్మయే చేటు దెచ్చు

హనుమకొండ:
అక్కా, చేటు లేమికి! ఈ విరుపు నాకు తట్టనే లేదు. జామ పూసేది కొత్త రెమ్మ మీదే, ఆకు కణుపులోనే. కొమ్మ కత్తిరించేది కూడా అందుకే. 'భూమి–లేమి' ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాల పొత్తు) హాయిగా కుదిరింది. 'కత్తిరించంగ' కాస్త వాడుకగా వినిపించినా మార్చొద్దు, తోటలో అనే మాట అదే.

నర్సంపేట:
'దాన' చేర్చుకున్నాను. ఈసారి మేం నీళ్లు ఆపేశాం. పొద్దున చూస్తే పడమటి కొమ్మల కొసన మొగ్గలు ఉబ్బి ఉన్నాయి. ఆకో పూతో ఇంకా తెలియడం లేదు.