ఇంట్ల మైన్‌క్రాఫ్ట్ సర్వర్ నడుస్తుంది, బయటి నుంచి మాత్రం ఎవరూ రాలేకపోతున్నరు

మాది హన్మకొండ. పాత ల్యాప్‌టాప్‌ల (విండోస్ 10, 8 జీబీ ర్యామ్) మైన్‌క్రాఫ్ట్ ఆట (జావా ఎడిషన్) సర్వర్ పెట్టిన. ఇంటి వైఫై మీద తమ్ముడు 192.168.1.20:25565 కొడితే వెంటనే లోపలికి వస్తున్నడు. కరీంనగర్‌ల ఉన్న బావ కొడితే అర నిమిషం తిరిగి 'కనెక్షన్ టైమ్‌డ్ అవుట్' అని వస్తుంది.

మొదట్ల నేను బావకు పంపింది కూడా ఆ 192.168 అడ్రసే! అది ఇంటి లోపలికే పనికొస్తదని తర్వాత తెలిసింది. అప్పుడు గూగుల్‌ల 'నా ఐపీ ఎంత' అని వెతికి, 49తో మొదలయ్యే అడ్రస్ పంపిన. ఫలితం అదే.

ల్యాప్‌టాప్‌కు ఐపీ మారకుండ రౌటర్‌ల కట్టేసిన. 25565 టీసీపీ పోర్ట్ ఫార్వర్డ్ చేసిన (అంటే ఆ నంబర్ మీద బయటి నుంచి వచ్చేదాన్ని ల్యాప్‌టాప్‌కు మళ్లించిన), విండోస్ ఫైర్‌వాల్‌ల జావాకు అనుమతి ఇచ్చిన. సర్వర్ ప్రాపర్టీస్ ఫైల్‌ల సర్వర్ ఐపీ ఖాళీగనే ఉంది.

అసలు తిరకాసు ఇక్కడ ఉన్నట్టుంది: రౌటర్ వ్యాన్ (WAN, బయటి ఇంటర్నెట్ కనెక్షన్) పేజీల ఐపీ 100.72తో మొదలైతుంది. 100.64 నుంచి 100.127 దాక ఉంటే సీజీనాట్ అంట, అంటే ఒకే బయటి ఐపీని చాలామంది పంచుకుంటున్నట్టు. అట్లయితే నా పోర్ట్ ఫార్వర్డింగ్ అంతా దండగే కదా. కేబుల్ అన్నను అడిగితే స్టాటిక్ ఐపీకి (మనకొక్కరికే ఇచ్చే, మారని బయటి ఐపీ) నెలనెలా వేరే పైసలు అన్నడు. ఆదివారం ఆడే ఆటకు అంత పెట్టబుద్ధి కాలే.

అందుకే ఐపీవీ6 (ఎవరితోని పంచుకోని కొత్త రకం ఐపీ) చూసిన. ల్యాప్‌టాప్‌కు 2401తో మొదలయ్యే ఐపీవీ6 అడ్రస్ ఉంది, బావ దగ్గర కూడ ఐపీవీ6 వస్తుంది. ఆ అడ్రస్‌ను చదరపు బ్రాకెట్లల పెట్టి చివర :25565 కొట్టినా టైమ్‌డ్ అవుటే.

ఐపీవీ6 మీద బావ లోపలికి రావాలంటే రౌటర్‌ల ఏ సెట్టింగ్ మార్చాలె?