మౌంట్ పోలీ కట్ట ఎత్తు పెంచుతున్నారు, మన ఫిషింగ్ గ్రూపు తరఫున అభ్యంతరం లెటర్ రాయాలా వద్దా?

కొత్తజాలరి_కెలోనా
అందరికీ నమస్తే. ఈ ఆగస్టులో పిల్లల్ని తీసుకుని ఇక్కడే కెనడా బ్రిటిష్ కొలంబియా ప్రావిన్స్‌లోని లైక్లీ వైపు వెళ్దామనుకుంటున్నాం, క్వెనెల్ లేక్‌లో పెద్ద పెద్ద రెయిన్‌బో ట్రౌట్ పడతాయని విన్నాను. తీరా చదివితే 2014 ఆగస్టు 4న అక్కడి మౌంట్ పోలీ రాగి, బంగారం గనిలో వ్యర్థాల కట్ట తెగి దాదాపు రెండున్నర కోట్ల క్యూబిక్ మీటర్ల నీళ్ళూ బురదా హేజల్టీన్ క్రీక్‌ని చీల్చుకుంటూ వెళ్ళి అదే లేక్‌లో పడ్డాయట. 2025లో ఆ కట్టని ఇంకో 4 మీటర్లు లేపడానికి ప్రావిన్స్ ఒప్పుకుంది, అక్కడి ఆదివాసీలు, హాట్సుల్ ఫస్ట్ నేషన్ వాళ్ళు, కోర్టుకి కూడా వెళ్ళారు. మన వాట్సాప్‌లో ఎవరో గ్రూపు తరఫున లెటర్ రాద్దాం అన్నారు. రాయాలా? ఇంకోటి, అక్కడి చేప తినొచ్చా?

గోదారోడు_సర్రీ
రాయాలండి, ఆ మాటకొస్తే పదేళ్ళ కిందటే రాయాల్సింది. మాది ధవళేశ్వరం. పులస సముద్రంలోంచి వరదకి ఎదురీదుకుంటూ వచ్చి బ్యారేజీ దగ్గర ఆగిపోవడం చిన్నప్పట్నించీ చూసినోణ్ణి, అందుకే ఈ సాకై సాల్మన్‌ని చూస్తే మన చుట్టం లాగే అనిపిస్తుంది నాకు. హార్స్‌ఫ్లై నది ఒడ్డున ఒకసారి గంటసేపు కూర్చుని చూశాను, ఒళ్ళంతా ఎర్రగా మారిపోయిన ఆడచేప పక్కకి ఒరిగి తోకతో గులకరాళ్ళని కొట్టి కొట్టి గుంట చేస్తుంది, తోక చివర చర్మం ఊడిపోయి తెల్లగా అయిపోయింది పాపం, గుడ్లు పెట్టి మళ్ళీ రాళ్ళు కప్పుతుంది, ఆ రాళ్ళ సందుల్లోంచి చల్లటి నీళ్ళు పారుతుంటేనే గుడ్డు బతుకుతుంది, సన్నటి బురద చేరిందంటే ఊపిరాడక పోద్ది. పుట్టిన పిల్లలు ఏడాది పాటు క్వెనెల్ లేక్‌లోనే పెరిగి అప్పుడు సముద్రానికి పోతాయి. సరిగ్గా ఆ పిల్లలు పెరిగే లేక్‌లోకి వదిలారు అంత బురదా.

బొగ్గుబాయి_కమ్లూప్స్
అన్నా, నేను గనిలనే పనిచేస్త, టైలింగ్స్ కట్టలు, అంటే గని వ్యర్థాల కట్టలు, చూసుడే నా పని, ఆ సంగతి ముందే చెప్తున్న. నువ్వు చెప్పిన హార్స్‌ఫ్లై నదిలకు ఆ బురద పోనేలేదు, అది పైనుంచి వచ్చి లేక్‌ల కలిసే నది, బురద ఎదురెక్కుతదా? గుడ్లు పెట్టే చోటు వేరే, కట్ట తెగిన చోటు వేరే.
ఇగ చేపల సంగతి. 2009ల, ఈ లేక్ నీళ్ళు పోయి కలిసే ఫ్రేజర్ నదికి కోటి దాక వస్తయనుకున్న సాకై 15 లక్షల దరిదాపు వచ్చినయి, అప్పటికి ఈ కట్ట తెగనే లేదు. మరుసటి ఏడే, 2010ల, దాదాపు 3 కోట్లు వచ్చినయి. 2019ల బిగ్ బార్ దగ్గర కొండచరియ ఫ్రేజర్‌ల పడ్డదని తెలిసింది, 2024ల చిల్కోటిన్ నదికి అడ్డంగ గుట్ట కూలింది, సముద్రమే వేడెక్కుతున్నది. ఆ గని రాయిల గంధకం తక్కువ, యాసిడ్ కారే రకం కాదు. కట్ట తెగినంక చేపలు కుప్పలు కుప్పలు తేలినయా? చచ్చిన చేప ఒక్కటి చూపించు, నేనే లెటర్ రాస్త.

శ్రీను_చీమకుర్తి
ఆ ఏడు వానలు ఎక్కువయ్యి కట్ట పొంగి తెగింది గదా, రేపు ఇంకో 4 మీటర్లు లేపితే మళ్ళీ పొంగదని గ్యారంటీ ఏంది?

బొగ్గుబాయి_కమ్లూప్స్
పొంగలే తమ్మీ. ఈ మాట ఎన్నిసార్లు చెప్పాల్నో. పునాది కింద హిమనదుల కాలం నాటి సరస్సు బంకమట్టి పొర ఉండె, డిజైన్‌ల దాన్ని సరిగ్గ లెక్కలకు తీసుకోలే, కట్ట బరువెక్కినకొద్ది ఆ పొర జారింది, జారితే కట్ట కుంగింది, కుంగినంకనే నీళ్ళు మీదికెళ్ళి పోయినయి. నిపుణుల ప్యానెల్ 2015 జనవరిల ఇచ్చిన రిపోర్ట్‌ల ఉన్నది ఇదంత. తెలుసుకోకుండ లెటర్లు రాస్తే మన గ్రూపు పరువే పోతది.

గోదారోడు_సర్రీ
అదే రిపోర్ట్‌లో ఆ పక్కనే ఏముందో కూడా చెప్పండి మరి. కట్ట బయటి వాలు అసలు డిజైన్‌లో రెండుకి ఒకటి, అంటే అడ్డంగా రెండు మీటర్లకి ఎత్తు ఒక మీటరు, వీళ్ళు నిలబెట్టింది 1.3కి ఒకటి, అంటే దాదాపు నిట్రంగా. ముందనుకున్న వాలు ఉంచుంటే తెగేదే కాదని రాశారు కదా.

బొగ్గుబాయి_కమ్లూప్స్
నిట్రంగా అనకు. 1.3కి ఒకటి అంటే 37, 38 డిగ్రీలు. రాతికట్టకు అది వినని మాట కాదు, కింద ఆ బంకమట్టి ఉండంగ అది తప్పు.

గోదారోడు_సర్రీ
తప్పు అని మీరే అన్నారు.

బొగ్గుబాయి_కమ్లూప్స్
తప్పు కాదని నేను ఎప్పుడన్న? నిట్రంగా అన్న మాట తప్పు అంటున్న.

పింక్‌సీజన్
వాలు సంగతి మీరిద్దరూ ఫోన్‌లో మాట్లాడుకోండి దయచేసి, ఆయన అడిగింది చేప తినొచ్చా అని.

లక్ష్మి_బర్నబీ
తినొచ్చండీ, మాంసం విషయంలో భయపడక్కర్లేదనే ఆరోగ్య శాఖ వాళ్ళు చెప్పారు. నేను నీటి పరీక్షల ల్యాబ్‌లో చేస్తాను కాబట్టి ఒక మాట. చచ్చిన చేప చూపించమని అడగడం దగ్గరే ఈ చర్చ దారి తప్పుతోంది. రాగి చేపని చంపక్కర్లేదు. లీటరు నీళ్ళలో మామూలుగా ఉండేదానికన్నా కొన్ని మైక్రోగ్రాములు పెరిగినా కోహో అనే రకం సాల్మన్ పిల్లల ముక్కు మొద్దుబారుతుందని ప్రయోగాల్లో తేలింది. పక్కన ఇంకో చేప చర్మం చీరుకుంటే నీళ్ళలోకి ఒక వాసన వస్తుంది, అది తగలగానే పిల్లచేప కదలకుండా నక్కాలి, ముక్కు పనిచెయ్యనిది మాత్రం ఏమీ పట్టనట్టు ఈదుకుంటూ పోయి పెద్ద చేప నోట్లో పడుతుంది. అలా పోయిన చేప ఒడ్డుకి తేలదు, ఎవరూ ఫోటో తియ్యరు. పెద్దయ్యాక సొంత నదిని కనుక్కునేది కూడా వాసనతోనే. క్వెనెల్ లేక్ అడుగున బతికే చిన్న పురుగుల్లో రాగి మోతాదు ఏళ్ళ తర్వాత కూడా ఎక్కువే ఉందని పరిశోధనలు వచ్చాయి. ఏడాదికి రెండుసార్లు లేక్ నీళ్ళు కిందామీదా కలుస్తాయి, అడుగున కూర్చున్నది అడుగునే ఉండిపోదు.
అయితే ఫ్రేజర్‌లో సాల్మన్ తగ్గింది ఈ కట్ట వల్లేనని ఇప్పటిదాకా ఎవరూ చూపించలేదు. లెటర్ రాస్తే అది కూడా రాయండి.

గోదారోడు_సర్రీ
విన్నారా, అక్క చెప్పిందిగా.

బొగ్గుబాయి_కమ్లూప్స్
విన్న. ఎవరూ చూపించలే అన్నది అక్క. నేను అదే కదా మొదటిసంది చెప్తున్నది.

శ్రీను_చీమకుర్తి
నేను రాయకూడదనుకున్నా గానీ ఇంక ఊరుకోలేను. మాది చీమకుర్తి పక్క పల్లె, మా నాన్న ఒక ఏడు చెరువు పాట పాడుకుని అప్పుజేసి బొచ్చె, శీలావతి పిల్లలు వదిలాడు. గ్రానైట్ కటింగ్ మిషన్ల నుంచి వచ్చే తెల్ల స్లర్రీ వాగులోకి వదిలేవాళ్ళు, ఎవరు వదిలారో పేరు చెప్పను, వాగు మా చెరువులో కలుస్తది. చేప చావలా. పెరగలా అంతే. వల లాగితే ఏడాది బొచ్చె అరిచేతి కంటే కాస్త పెద్దది, మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాల్సింది బూడిద పూసినట్టు, వేలితో తీస్తే పిండి మాదిరి జిగురుగా వచ్చేది. నాన్న ఆ చేపని కవర్లో పెట్టుకుని ఆఫీసుకి పోతే అక్కడ కుర్చీలో ఉన్నాయన అన్న మాట ఏందో తెలుసా? చచ్చిన చేపలు తీసకరా, అప్పుడు చూద్దాం అన్నాడు. 11 ఏళ్ళ వయసులో ఆ కవర్ పట్టుకుని పక్కన నిలబడింది నేనే. ఇప్పుడు ఇక్కడ కూర్చుని మీరు అదే మాట అంటున్నారు, అదీ మనోళ్ళ మధ్య.

బొగ్గుబాయి_కమ్లూప్స్
నీ బాధ బాధే తమ్మీ, కాదన. కాని నన్ను ఆ కుర్చీల కూసోబెట్టకు. మా నాయన బొగ్గు బాయిల దిగిండు ముప్పై ఏండ్లు, రాత్రంత దగ్గుతుంటే పక్క మంచంల పండుకున్నోన్ని నేను. గని ఏం చేస్తదో నాకు మీరు చెప్పుడా? నేను చేసే గని ఒకసారి మూతపడితే ఎనిమిది నెలలు ఈఐ మీద, అంటే పని పోయినోళ్ళకు సర్కారు ఇచ్చే పైసల మీద, ఇద్దరు పిల్లల్ని సాదిన. మౌంట్ పోలీ కూడ 2019ల ఆగి 2022ల మళ్ళ మొదలైంది, ఆ మధ్యల అక్కడి కుటుంబాలు ఏం తిన్నయో ఏ ఫిషింగ్ గ్రూపన్న అడిగిందా? మీకు అది వీకెండ్. మాకు అది బియ్యం.

గోదారోడు_సర్రీ
వీకెండ్ అని తీసిపారెయ్యకండి. లైక్లీలో బోటు అద్దెకిచ్చేవాళ్ళకి, లాడ్జి నడిపేవాళ్ళకి, గైడ్లకి ఆ వీకెండే బియ్యం. ఇక ఆ చేప మీదే తరతరాలుగా బతుకుతున్న సెక్వెపెమ్క్ ఆదివాసీలకి అది వీకెండా?

మోడరేటర్
ఎవరి ఇంటి సంగతులూ ఎత్తిపొడవకుండా మాట్లాడుకుందాం. ఈ థ్రెడ్ మూసెయ్యాలని నాకు లేదు.

గోదారోడు_సర్రీ
మోడరేటర్ గారూ, ఎత్తిపొడవడానికి కాదు, నాకు మండేది ఎక్కడో చెప్తాను. మూడేళ్ళ కింద వెడ్డర్ నదిలో ఒక కోహో పట్టాను. హ్యాచరీ చేపకైతే తోకకి ముందు, వీపు మీద ఉండే చిన్న కొవ్వురెక్క కోసి ఉంటుంది, అదైతేనే ఉంచుకోవాలి, రెక్క ఉంటే అడవి చేప, వదిలెయ్యాలి. వాన పడుతోంది, చీకటి పడుతోంది, రెక్క లేదనుకుని ఉంచేశాను. ఆఫీసర్ వచ్చి కూలర్ తెరిచి వేలితో తడిమి చూపించాడు, ఉంది, గోరంత ఉంది. ఫైన్ కట్టాను, తప్పు నాదే కాబట్టి మాట్లాడకుండా కట్టాను. ఆయన ఒక్కటే అన్నాడు, అనుమానముంటే నీళ్ళలో వదిలెయ్యాలి, అది హ్యాచరీ చేప అని తేల్చుకోవాల్సింది పట్టుకున్నవాడే అని. అప్పట్నించీ గాలానికి ఎదురుముల్లు లేకుండా, లెక్కపెట్టుకుని, అనుమానమొస్తే వదిలేస్తూ పడుతున్నాను. గోరంత రెక్కకి నాకు ఆ రోజే శిక్ష. ఆ కట్ట విషయంలో ప్రావిన్స్ అసలు కేసే పెట్టలేదు, ఫెడరల్ వాళ్ళు మూడు కంపెనీల మీద ఫిషరీస్ చట్టం కింద 15 అభియోగాలు పెట్టింది 2024 డిసెంబర్‌లో, పదేళ్ళ తర్వాత. నాకు అనుమానం వస్తే వదిలెయ్యమన్నవాళ్ళు, గనికి మాత్రం అనుమానం ఉన్నా కట్టుకో, హాని జరిగిందని ఎదుటివాడు రుజువు చేస్తే అప్పుడు చూద్దాం అంటారేంటి? నా గొడవ సాల్మన్ ఎంత తగ్గింది అని కాదండి. రుజువు ఎవరు చెయ్యాలి అని.

బొగ్గుబాయి_కమ్లూప్స్
ఇప్పుడు అసలు మాట చెప్పినవ్. మొదలే ఇది అంటే హార్స్‌ఫ్లై దాక పోయేటోళ్ళం కాదు.
నా వైపు కూడ విను. ఈ ప్రావిన్స్‌ల కట్టలు ఇట్లనే నడిస్తే సగటున 30 ఏండ్లల ఆరు తెగుతయని ఆ ప్యానెలే రాసింది, అది చదివిన రాత్రి నేను పండుకోలే. వ్యర్థాన్ని నీళ్ళల నిలబెట్టకుండ పిండి, ఆరబెట్టి పేర్చుడే మంచిదని కూడ రాసిన్రు. మా దగ్గర మీటింగ్‌ల రెండుసార్లు అడిగిన నేను, ఖర్చు అన్నరు, చూద్దాం అన్నరు. అడిగేటోడు లోపల ఒకడన్న ఉండాల్నా వద్దా? కాని వంద శాతం హాని జరగదని రుజువు చేసినంకనే గని అంటే ఏ గనీ నడవది, నీ ఫోన్‌ల రాగి కూడ ఉండది. అట్ల రుజువు చేస్తనని సంతకం పెట్టే ఇంజనీరు నాకు తెలిసి అబద్ధం చెప్తున్నట్టే లెక్క.

లక్ష్మి_బర్నబీ
వంద శాతం అని ఎవరూ అనలేదు కదా తమ్ముడూ. ఎంత అనుమానానికి ఆగాలి అన్నదే ప్రశ్న.

కొత్తజాలరి_కెలోనా
నేను చేప తినొచ్చా అని అడిగాను, ఇంత దూరం వస్తుందనుకోలేదు. శ్రీను గారూ, మీ నాన్నగారి విషయం చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ట్రిప్‌కి వెళ్తున్నాం. లెటర్ ఎవరైనా డ్రాఫ్ట్ పెడితే నా పేరు రాసుకోండి.

గోదారోడు_సర్రీ
డ్రాఫ్ట్ ఇది, చిన్నదే: "సాల్మన్ తగ్గడానికి ఈ కట్ట ఒక్కటే కారణమని మేము అనడం లేదు. కట్ట ఎత్తు పెంచేముందు దాని పునాది గట్టిదని, లేక్‌లో చేపపిల్లలకు హాని ఉండదని గనివారే, తమకు సంబంధం లేని నిపుణుల చేత నిరూపించాలి. ఆరబెట్టి పేర్చే పద్ధతి ఎందుకు కుదరదో లెక్కలతో బయటపెట్టాలి."

బొగ్గుబాయి_కమ్లూప్స్
మొదటి లైను మంచిగున్నది. చివరిది ఇంకా మంచిగున్నది. నడుమల "నిరూపించాలి" తీసేసి "పరిశీలించాలి" అని పెట్టు, నేను కూడ సంతకం పెడ్త, గని ఇంజనీరు సంతకం ఉంటే లెటర్‌కు విలువ పెరుగుతది.

శ్రీను_చీమకుర్తి
పరిశీలిస్తాం అనే మాట మా నాన్నకి ఆ ఆఫీసులో నాలుగుసార్లు చెప్పారు.

గోదారోడు_సర్రీ
మీ సంతకం కావాలండి, నిజంగా కావాలి. కానీ ఆ మాట తీస్తే ఈ లెటర్ రాయక్కర్లేదు. అలాగే ఉంచుతున్నాను. ఆదివారం రాత్రి దాకా పేర్లు ఇక్కడే రాయండి.